జపాన్ భాషలో సీతాబాయి నంబరు

మా నాన్న రాజయ్య టెలిఫోను కోసం దరఖాస్తు పెట్టి నాలుగేళ్లు దాటింది. ఫోను రాలేదు గాని, వస్తే దాని మీద కప్పడానికని అమ్మ కుట్టిన కుచ్చుల గుడ్డ మాత్రం అప్పటికే రెండు పండగలకు ఉతికి ఆరేసింది. చందానగర్‌లో మా గల్లీ మొత్తానికి ఉన్నది ఒక్కటే ఫోను, మా ఎదురింటి సీతాబాయి పెద్దమ్మ ఇంట్లో. పెళ్లి సంబంధాలవాళ్లకు, బ్యాంకువాళ్లకు, ఊళ్లో చుట్టాలకు, అందరికీ ఆ నంబరే ఇచ్చేవాళ్లం, పక్కన పీపీ అని రెండక్షరాలు రాసి. ఆ అక్షరాల పూర్తి పేరేమిటో మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఫోను మాది కాదు, చేస్తే పిలుస్తారు అని అర్థం, అంతే.

మోగగానే సీతాబాయి పెద్దమ్మ ఎత్తుతుంది. అవతలివాళ్లు ఒక పేరు చెప్తారు. పేరు చెవిన పడిందో లేదో, రిసీవరు బల్ల మీద పెట్టి, వాకిట్లో మెట్ల మీదికొచ్చి, నడుం మీద చెయ్యేసి కేకేస్తుంది. ఆ కేకకు చందానగర్ మార్కెట్‌లో బేరాలు ఆగిపోతాయని మా నాన్న అంటాడు. ఆమె ఇంట్లో ఇంకో కట్టడి కూడా ఉండేది. ఆమె తప్ప ఆ ఫోను ఎవరూ ఎత్తకూడదు. చుట్టపుచూపుగా వచ్చిన తోడబుట్టిన తమ్ముడు ఒకసారి ఎత్తబోతే చేతి మీద గరిటెతో ఒకటిచ్చింది. ఎందుకంత పట్టుదలో ఎవరమూ అడగలేదు. ఫోను ఉన్నవాళ్లకు ఆ మాత్రం టెక్కు ఉండదా అనుకున్నాం.

ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం మాట. నేనప్పుడు హైటెక్ సిటీలో, గుండ్రంగా కట్టిన ఆ కొత్త భవనంలో, మూడో అంతస్తులో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చొని రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడమే పని. రెండువేల సంవత్సరం వచ్చేస్తే పని అయిపోతుంది, పనితోపాటు నేనూ అయిపోతాను. కాంట్రాక్టు కాగితం మీద డిసెంబరు ముప్పై ఒకటి అని వేలంత అక్షరాలతో ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అసలు నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ కాగితం దాన్ని ఇంకాస్త కిందికి లాగింది.

అలాంటప్పుడు జపాన్ పని వచ్చిపడింది. నగోయాలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్లను ఇక్కణ్నుంచే ఫోనులో చూసుకోవాలి. నాలుగు సీట్లు, పక్కా ఉద్యోగం, డిసెంబరు గొడవ లేదు. భాష నేర్పడానికి చలపతిరావు గారిని పెట్టారు. కాకినాడ మనిషి. ఓడల కంపెనీలో పనిచేస్తూ ఒసాకాలో పదకొండేళ్లున్నారు. ప్రతి మాటకూ కాస్త వంగేవారు, ఆఖరికి టీ తెచ్చినవాడికి కూడా.

మూడు నెలలు నేర్చుకున్నాం. అన్నిటికన్నా నాకు టెలిఫోను నంబర్ల పాఠం నచ్చింది. "దెన్వా బంగో వా నన్‌బన్ దెసు కా" అని అడగాలి, మీ ఫోను నంబరెంత అని. అవతలివాళ్లు అంకెలు ఒక్కొక్కటిగా చెప్పాలి. నంబరు మధ్యలో గీత ఉంటే దాన్ని "నో" అనాలి. ప్రతి అంకె రెండు దరువుల పొడుగుండాలట. అందుకని పొట్టిగా ఉండే రెండును "నీ" అనీ, ఐదును "గో‌ఓ" అనీ సాగదీయాలి, లేకపోతే వినేవాళ్లకు లెక్క తప్పుతుందట. చలపతిరావు గారు బల్ల మీద పెన్సిలుతో దరువు వేస్తుంటే పన్నెండు మందిమి అంకెలు పాడేవాళ్లం. పక్క గదిలోని అకౌంట్సువాళ్లు తలుపు మూసుకునేవారు.

పాఠాలు అయిపోయిన వారం ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఫోను ఉన్నదా లేదా. జపాన్‌లో పొద్దున తొమ్మిదంటే ఇక్కడ ఐదున్నర. కంపెనీ బస్సు రాకముందే అక్కడ ఏదైనా ఆగిపోతే ఇంటికే చేస్తారు కాబట్టి ఫోను లేనివాళ్లకు సీటు లేదు. పీపీ నంబర్లు కుదరవని కింద ప్రత్యేకంగా గీత గీసి మరీ రాశారు. ముగ్గురు లేదని రాసి లేచిపోయారు. నా పెన్ను కాసేపు గాల్లో ఆగింది. ఆ తర్వాత ఉన్నది అని రాసి, సీతాబాయి పెద్దమ్మ నంబరు వేసి, పీపీ అనే రెండక్షరాలు మింగేశాను. మా నాన్న పెట్టిన దరఖాస్తు ఏ ఫైలు కిందో నిద్రపోతుంటే నేనేం చేయను చెప్పండి?

పరీక్ష కూడా ఫోనులోనే. శనివారం పొద్దున పది గంటలకు నగోయా నుంచి మొరికావా అనే పెద్దావిడ మా ఇంటికి ఫోను చేస్తుంది. ఇంటివాళ్లు ఎత్తగానే ముందు నంబరు చెప్పి, ఆవిడ అడిగిన మనిషికి ఇవ్వాలి. ఆ తర్వాత మాటలు. ఇదీ పద్ధతి.

ఆ సాయంత్రం సీతాబాయి పెద్దమ్మ ఇంటికి వెళ్లి, శనివారం పది గంటలకు వచ్చే ఒక్క ఫోను నేనే ఎత్తుకుంటానని బతిమాలాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"నా ఇంట్ల ఫోను నేనే ఎత్తుత."

జపాన్ నుంచి వస్తుంది పెద్దమ్మా, జపాన్ భాషలో మాట్లాడాలి అన్నాను. అయితే ఆ భాష తనకు కూడా నేర్పమంది. అంతే, ఇంకో మాట లేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పెదవి కొరుక్కొని, చిక్కుడుకాయలు పక్కకు జరిపి, పాఠం మొదలుపెట్టాను.

ముందు "మోషి మోషి", అంటే హలో. ఆ తర్వాత నంబరు. మూడు సున్నా మూడు, గీత, నాలుగు ఏడు తొమ్మిది రెండు. సన్ జెరో సన్ నో, యోన్ నన క్యూ నీ. చెప్పి, నాకు రిసీవరు ఇవ్వాలి. మధ్యలో ఒక్క తెలుగు మాట కూడా రాకూడదు. మొదటి రోజు ఆమె తొమ్మిది దగ్గర ఆగి నీళ్లు తాగింది. రెండో రోజు అంకెలన్నీ వచ్చాయి గాని పరుగెత్తాయి. అప్పుడు చలపతిరావు గారి దరువు సంగతి చెప్పాను. సీతాబాయి పెద్దమ్మ కొంచెం ఆలోచించి లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు దోపుకొని, బతుకమ్మ ఆడినట్టే వంగి చప్పట్లు కొడుతూ నంబరు చెప్పింది. ఒక్క అంకె పొల్లు పోలేదు. "నీ" దగ్గర చప్పట్లు సరిగ్గా రెండు పడ్డాయి. మూడు నెలలు నేర్చుకున్న మా క్లాసులో సగం మందికి ఆ సాగతీత కుదరలేదు. నాకు సంతోషమూ కలిగింది, కుళ్లూ పుట్టింది.

మర్నాటికి గల్లీ అంతా పాకింది. బతుకమ్మ పండగ ఇంకా పదిహేను రోజులుంది, అయినా ఆడవాళ్లు సాయంత్రం సీతాబాయి వాకిట్లో గుండ్రంగా తిరుగుతూ సన్ జెరో సన్ అంటున్నారు. కిరాణా కొట్టు చెన్నకేశవులు కోడిగుడ్లు ఇచి, నీ, సన్ అని లెక్కపెట్టి ఇస్తున్నాడు, ఆ లెక్కలో ఒక గుడ్డు తగ్గిందని మా అమ్మ గొడవ. నేను ఆఫీసు నుంచి వస్తుంటే ఎవరో ఒకరు నంబరెంత అని జపాన్ భాషలో అడగడం, నేను చెప్పడం, వాళ్లు పడీ పడీ నవ్వడం. శుక్రవారం రాత్రికల్లా మా గల్లీలో ఆ నంబరు జపాన్ భాషలో రానిది మా నాన్నొక్కడికే. ఆయన ఇంకా తన దరఖాస్తు నంబరే గుర్తుపెట్టుకొని ఉన్నాడు.

రిసీవరు బదులు అప్పడాల కర్ర పెట్టి ఇరవైసార్లు రిహార్సల్ చేశాం. ఇరవైసార్లూ ఆమె ఎత్తింది, చెప్పింది, నోరు మూసుకొని నాకిచ్చింది. జర ఫికర్ చేయకు బిడ్డా అని నా వీపు కూడా తట్టింది.

శనివారం తొమ్మిదింటికే వెళ్లి ఫోను బల్ల పక్కన పీట వేసుకొని కూర్చున్నాను. చెయ్యి చాపితే అందేంత దూరం. సీతాబాయి పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని బొట్టు పెద్దది పెట్టుకుంది. కిటికీ అవతల చెన్నకేశవులు కొట్టు వదిలేసి నిలబడ్డాడు. పదికి నాలుగు నిమిషాలుందనగా మోగింది.

ఆమె ఎత్తింది. "మోషి మోషి. సన్ జెరో సన్ నో, యోన్ నన క్యూ నీ." అద్దంలా చెప్పింది. కిటికీ దగ్గర ఎవరో ఆహా అన్నారు. నేను చెయ్యి చాపాను.

అవతలి గొంతు రేఖా-సన్, అంటే రేఖ గారు, ఉన్నారా అని అడిగింది. పాడు అడగడం, నా పేరుతోటే అడిగింది. పేరు చెవిన పడగానే సీతాబాయి పెద్దమ్మ కళ్లు మారిపోయాయి. నాలుగేళ్ల అలవాటు లేచి నిలబడింది. రిసీవరు నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి, పక్కన పీట మీద కూర్చున్న నన్ను దాటుకొని, మెట్ల మీదికి వెళ్లి నడుం మీద చెయ్యేసింది.

"ఓ రేఖా! నీకు ఫోనొచ్చింది, జల్ది రా!"

ఎదురింట్లోంచి మా అమ్మ అంతకన్నా గట్టిగా, అది మీ ఇంట్లనే కూసున్నది గదా సీతక్కా అని జవాబిచ్చింది. గల్లీ గొల్లుమంది. ఎవరో సన్ జెరో సన్ అని చప్పట్లు కొట్టారు. రిసీవరు బల్ల మీద వెల్లకిలా పడుకొని ఇదంతా నగోయాకు చేరవేస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎత్తాను. మొరికావా గారి గొంతు నిదానంగా, కొంచెం భయంగా ఉంది. అక్కడ ఏదైనా ప్రమాదం జరిగిందా అని అడిగింది. లేదన్నాను. మిమ్మల్ని పిలవడానికి ఆవిడ బయటికి వెళ్లింది, మీ ఇల్లు చాలా పెద్దదా అని అడిగింది.

అవును, చాలా పెద్దది అని చెప్పబోయాను. ఎన్ని గదులు అని అడిగితే ఏం చెప్పాలి? ఆ అరిచినావిడ ఎవరంటే? తోట ఉందా అంటే? అబద్ధం నడపాలంటే బోలెడు మాటలు కావాలి, అంత జపాన్ భాష నాకు రాదు. మూడు నెలల పాఠాల్లో నిజానికి సరిపడా మాటలే వచ్చాయి. గుండె రాయి చేసుకొని చెప్పేశాను. ఈ ఫోను నాది కాదండీ. ఎదురింటివాళ్లది. మా ఇంట్లో ఫోను లేదు. ఫారంలో తప్పు రాశాను. క్షమించండి.

లైనులో సముద్రపు హోరులాంటిది మాత్రం వినిపిస్తోంది. అయిపోయింది, డిసెంబరు ముప్పై ఒకటే నాకు గతి అనుకున్నాను. నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"యోబిదాషి!" అన్నది మొరికావా గారు. అని నవ్వింది. మామూలు నవ్వు కాదు, చిన్నపిల్ల నవ్వు.

ఆమె గబగబా చెప్పింది, నాకు సగం అర్థమైంది, మిగతా సగం మళ్లీ నెమ్మదిగా చెప్పించుకున్నాను. ఆమె చిన్నప్పుడు వాళ్ల వీధిలో కూడా ఒక్కటే ఫోను, తోఫు అమ్మే కొట్టులో. తోఫు ఏమిటో నాకప్పటికి తెలియదు, తినేదని మాత్రం అర్థమైంది. ఎనిమిది ఇళ్లవాళ్లు ఆ నంబరే ఇచ్చుకునేవారట. నంబరు పక్కన పిలుస్తారు అని అర్థమొచ్చే ఒక అక్షరం వేసేవారట. ఆ పద్ధతికి పేరు యోబిదాషి. కొట్టావిడ వానలో కూడా గొడుగేసుకొని వచ్చి కేకేసేదట. ఆ కేక విని ముప్పై ఏళ్లు దాటింది, మళ్లీ ఇవాళ విన్నాను అన్నది.

ఒసాకాలో పదకొండేళ్లున్న చలపతిరావు గారికి కూడా ఈ మాట తెలియదు. ఆయన వెళ్లేనాటికి అక్కడ ఇంటింటికీ ఫోనులొచ్చేశాయి మరి. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. పీపీకి జపాన్ భాషలో పేరుంది.

తర్వాత మొరికావా గారు గొంతు సవరించుకొని, ఫారంలో అలా రాయడం తప్పేనని నాలుగు చీవాట్లు పెట్టింది. ప్రతి చీవాటుకూ నేను వంగాను, ఫోనులో కనిపించదని తెలిసి కూడా. ఆ తర్వాత పరీక్ష మొదలైంది. తన నంబరు చెప్పింది, పదంకెలు, మధ్యలో రెండు "నో"లు. క్యాలెండరు మీద రాసుకొని తిరిగి చెప్పాను. ఒక్కటీ తప్పు పోలేదు. నగోయాలో మెషిన్ ఆగిందని చెప్తే ఏమేం అడగాలో అడిగాను. మధ్యమధ్యలో ఆమె ఎందుకో నవ్వుతోంది, నాకూ నవ్వొస్తోంది. చివరికి, సీటు మీదే, యోబిదాషివాళ్లను వద్దనడం ఏమిటి, ఫోను లేదని రాసినవాళ్లకు కూడా నేను పరీక్ష పెడతానని మీ ఆఫీసుకు రాస్తాను అన్నది. అయితే ఒక్క మెలిక పెట్టింది. పొద్దున ఐదున్నరకు ఫోను చేస్తే ఆ ఎదురింటావిడ మిమ్మల్ని పిలుస్తుందా? ఇప్పుడే అడగండి, నేను లైనులో ఉంటాను.

నేను రిసీవరు బల్ల మీద పెట్టాను. జపాన్‌కు నిజం చెప్పడం ఏమంత కష్టం, ఆవిడ మొహం కనిపించదు. సీతాబాయి పెద్దమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. విషయం మొత్తం చెప్పకుండా ఐదున్నర సంగతి అడగడం కుదరదు.

"పెద్దమ్మా, ఆఫీసుల నీ ఫోను నాదని రాసిన," అన్నాను.

ఆమె పీట లాక్కొని కూర్చుంది. లేచి కిటికీ మూసింది, చెన్నకేశవులు ముక్కు కొంచెంలో తప్పించుకుంది. మళ్లీ కూర్చుంది. ఇన్నేళ్లు ఒక్క ఫోనుకైనా విసుక్కోకుండా పిలిచిన మనిషి నోట ఏ మాట వస్తుందోనని నేను తలొంచుకున్నాను.

"మెల్లగ మాట్లాడు," అన్నది. "ఆ ఫోను నాది గూడ గాదే."

ఆమె నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. ఆ ఫోను నారాయణప్ప అనే ఆఫీసరుదట. ముందు గదిలో కిరాయికుండి, ఆఫీసు పలుకుబడితో కనెక్షను పెట్టించుకున్నాడు. ఆరు నెలలకే అనంతపురం బదిలీ అయిపోయాడు. పేరు మార్పించుకుందామని ఈమె ఇవాళ రేపు అంటూ ఉండిపోయింది, ఆ తర్వాత అడిగితే కనెక్షనే పీకేస్తారేమోనని భయపడింది. బిల్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తుంది, ఈమె కడుతుంది. ఎప్పుడు ఫోను మోగినా డిపార్టుమెంటువాళ్లేమో, నారాయణప్ప ఉన్నాడా అంటారేమో అని గుండె దడ. ఇంకెవరైనా ఎత్తి అట్లాంటి మనిషి ఇక్కడ లేడు అనేస్తే కొంప మునుగుతుంది. అందుకే నాలుగేళ్లుగా ఒక్కరినీ ఎత్తనివ్వలేదు.

"పరేషాన్‌ల నాకు నిద్రనే పడ్తలేదు బిడ్డా. నువ్వొక్క అబద్ధం ఆడితివి. నేను రోజుకు పది ఆడుతున్న."

ఇక నా వల్ల కాలేదు. కడుపు పట్టుకొని నవ్వాను. మా గల్లీ నలభై ఇళ్లకు ఫోను యజమానురాలని టెక్కు చూపించిన మనిషి తనే పీపీ. ఆమె మొదట మూతి ముడిచింది, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. బల్ల మీద రిసీవరు మోషి మోషి అంటూనే ఉంది. పాపం నిమిషానికెంతో ఏమో, ఆ ఫ్యాక్టరీ బిల్లు.

కళ్లు తుడుచుకొని, పొద్దున ఐదున్నరకు జపాన్ ఫోనొస్తే పిలుస్తావా అని అడిగాను. నాలుగింటికి లేసి వాకిలి ఊడ్చేదాన్ని, ఐదున్నర నాకు మిట్టమధ్యాహ్నం అన్నది. నేను రిసీవరెత్తి, పిలుస్తారట అని చెప్పాను. మొరికావా గారు చాలా సంతోషం అంటూ ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆగి, కాగితాల్లో రాయడానికి ఒక్క మాట, ఆ ఫోను ఆ ఎదురింటావిడదే కదా, ఆవిడ పేరేమిటి అని అడిగింది.

సీతాబాయి పెద్దమ్మ వైపు చూశాను. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని నా మొహం చూసి ఏదో కొంప మీదికి వచ్చే ప్రశ్నేనని గ్రహించి, తన రెండు చేతులూ గట్టిగా పట్టుకొని నిలబడింది. ఒక పూటకు ఒక నిజం చాలనుకున్నాను.

"హై," అన్నాను. అవునని. "సీతాబాయి-సన్" అని పేరు చెప్పి, వంగి, ఫోను పెట్టేశాను.

ఏమడిగిందే అని నా భుజం కుదిపేసింది పెద్దమ్మ. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. అది కాదు, ఆఖరుకేమడిగింది అన్నది. ఫోనెవరిదని అడిగింది, నీదేనని చెప్పిన అన్నాను.

"రాసుకున్నరా?"

"నీ పేరుతోటి రాసుకున్నరు."

సీతాబాయి పెద్దమ్మ ఫోను వైపు చూసింది. వెళ్లి కిటికీ బార్లా తెరిచింది.

"జపానోళ్లు రాసుకున్నరంటే ఇగ నాదే," అన్నది.